44 కోట్ల రివాల్వర్: ప్యాట్ గ్యారెట్ కోల్ట్‌లో అంత ఏముంది?

కృష్ణాతీరం:

అందరికీ నమస్తే. పాత తుపాకుల గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఒకరిద్దరు ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నా. 2021 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో బాన్‌హమ్స్ వాళ్ళ వేలంలో ఒక కోల్ట్ రివాల్వర్ 60 లక్షల 30 వేల డాలర్లకు పోయింది, అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు 44 కోట్లు. వేలం వాళ్ళే 20 నుంచి 30 లక్షల డాలర్లు వస్తుందనుకుంటే దానికి రెట్టింపు వచ్చింది. అప్పటిదాకా ప్రపంచంలో ఏ తుపాకీకీ వేలంలో అంత ధర పలకలేదట. 1881లో బిల్లీ ద కిడ్ అనే పేరుమోసిన బందిపోటుని కాల్చి చంపిన షెరీఫ్ (అక్కడి కౌంటీ పోలీసు పెద్ద) ప్యాట్ గ్యారెట్ తుపాకీ అది.

ఫొటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. చెక్కడం లేదు, బంగారు పని లేదు, పిడికి దంతం లేదు. రంగు పోయి, చేతులు పడీ పడీ అరిగిన మామూలు పనిముట్టు. అదే మోడల్ కోల్ట్‌లు ఆ రోజుల్లో లక్షకు పైగా తయారయ్యాయి కదా, మరి ఫలానా రాత్రి పేలింది ఇదే అని ఎలా చెప్తారు? ఇంకోటి, ఈ గ్యారెట్ అసలు ఎలాంటి మనిషి? సినిమాల్లో ఒకదాంట్లో ధర్మాత్ముడు, ఇంకోదాంట్లో స్నేహితుణ్ణి చంపిన ద్రోహి. నేనుండేది టెక్సాస్‌లో, మా ఆఫీసులో ఒకాయన పాత తుపాకులు కొంటూ అమ్ముతూ ఉంటాడు, నాకూ ఒకటి తీసుకోమని గొడవ. చట్టప్రకారం ఏమైనా తలనొప్పులు ఉంటాయా అన్నది కూడా చెప్పండి.

పాత_ఇనుము:

ముందు తుపాకీ సంగతి. అది కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, 1880లో తయారైంది, సీరియల్ నంబర్ 55093. ఏడున్నర అంగుళాల బ్యారెల్, .44-40 క్యాలిబర్. ఈ క్యాలిబర్‌కి అక్కడ గిరాకీ ఎందుకంటే 1873 వించెస్టర్ రైఫిల్‌లో పడే తూటాయే ఇందులోనూ పడుతుంది. ఊరికీ ఊరికీ మధ్య రెండు రోజుల గుర్రపు ప్రయాణం ఉండే చోట రెండు రకాల తూటాలు మోయనక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు. సింగిల్ యాక్షన్ అంటే ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్, అంటే తూటాని వెనకనుంచి కొట్టే సుత్తి, వెనక్కి లాగితేనే పేలుతుంది, ఊరికే ట్రిగ్గర్ నొక్కుకుంటూ పోతే కుదరదు. కుడిపక్క చిన్న మూత ఉంటుంది, అది తెరిచి సిలిండర్ తిప్పుకుంటూ ఒక్కొక్క తూటా దూర్చాలి. ఖాళీ తొడుగులు కూడా ఒక్కొక్కటే కడ్డీతో తోసి బయటికి తీయాలి. ఆరు గదులున్నా బుద్ధున్నవాడు ఐదే నింపి హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచుకునేవాడు, ఎందుకంటే కింద పడితే దానంతటదే పేలే గుణం ఉంది దీనికి. సినిమాల్లో ఢాంఢాంమని పది గుండ్లు పేల్చడం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక ఇదే ఆ తుపాకీ అని ఎలా తెలుసు అన్నది అసలు ప్రశ్న. ధరంతా అక్కడే ఉంది. 1880 డిసెంబర్‌లో స్టింకింగ్ స్ప్రింగ్స్ దగ్గర కిడ్ ముఠాని పట్టుకున్నప్పుడు ముఠాలోని బిల్లీ విల్సన్ అనే కుర్రాడి దగ్గర గ్యారెట్ లాక్కున్న తుపాకీ ఇది. అంటే షెరీఫ్ డబ్బు పెట్టి కొనుక్కున్నది కూడా కాదు! ఆ సంగతి గ్యారెట్ తన చేత్తో రాసిన ఉత్తరం ఉంది. ఆయన చేతినుంచి ఎవరి దగ్గరికి వెళ్ళింది, కోర్టు కేసు పడి మళ్ళీ భార్యకి ఎలా వచ్చింది, చివరికి టెక్సాస్‌కి చెందిన జిమ్ ఎర్ల్ దంపతుల సేకరణలోకి ఎలా చేరింది, గొలుసులో ఒక్క లింకు తెగకుండా కాగితాలున్నాయి. పాత తుపాకుల బజారులో ‘ఇది ఆ పేరుమోసిన దొంగ జెస్సీ జేమ్స్‌ది’ అని చెప్పి అమ్మేవాళ్ళు వీధికొకడు ఉంటాడు, కాగితం అడిగితే మాత్రం మా తాత చెప్పాడంటాడు. అదే వేలంలో ఇంకోటి కూడా గమనించండి: కిడ్ జైలు నుంచి పారిపోతూ డిప్యూటీ బాబ్ ఓలింగర్‌ని కాల్చిన విట్నీ డబుల్ బ్యారెల్ షాట్‌గన్ 9 లక్షల 78 వేల డాలర్లు పలికింది. ఓలింగర్ తుపాకీతోనే ఓలింగర్‌ని చంపాడు.

చట్టం సంగతికొస్తే, 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది అమెరికా ఫెడరల్ చట్టం కింద యాంటిక్, మామూలు తుపాకీ కొన్నప్పుడు డీలర్ దగ్గర నింపే ఫారాలు దీనికి అక్కర్లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరేగా ఉంటాయి, మీ దగ్గర ఎలా ఉందో కొనేముందు కనుక్కోండి. కొన్నా గోడకి పెట్టుకోండి గానీ ఈ కాలపు తూటాలు వేసి పేల్చకండి. అవి నల్ల మందుగుండు కాలం నాటి ఇనుముతో చేసినవి, సిలిండర్ పగిలితే వేళ్ళు పోతాయి. ఇండియాకి పట్టుకెళ్ళి మామయ్యగారికి బహుమతిగా ఇద్దామనే ఆలోచనుంటే ఇప్పుడే మానుకోండి. పేలే స్థితిలో ఉన్న తుపాకీ ఎంత పాతదైనా అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంటే 1959 ఆయుధాల చట్టం కింద కేసే.

సూరి_లాస్‌క్రూసెస్:

మనిషి గురించి నేను చెప్తా. న్యూ మెక్సికోలో లాస్ క్రూసెస్‌లో ఎమ్మెస్ చేశాను, గ్యారెట్ సమాధి ఉన్నది ఆ ఊళ్ళోనే. ఎండాకాలం సెలవుల్లో పని దొరక్క లైబ్రరీలో కూర్చుని ఈయన గురించి దొరికిందల్లా చదివాను.

1850లో అలబామాలో పుట్టాడు, లూసియానాలో పెరిగాడు. వాళ్ళది పత్తి తోటలున్న కుటుంబం, అంతర్యుద్ధంతో ఆస్తి పోయింది, తల్లిదండ్రులు పోయారు. 1869లో టెక్సాస్ వైపు బయల్దేరాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, న్యూ మెక్సికోలో స్పానిష్ మాట్లాడేవాళ్ళు హువాన్ లార్గో, అంటే పొడుగు జాన్, అని పిలిచేవాళ్ళు. కొన్నేళ్ళు తోళ్ళ కోసం బైసన్‌లను వేటాడాడు. ఆ వేట క్యాంపులోనే 1876లో జో బ్రిస్కో అనే తోటి వేటగాడితో మాటా మాటా పెరిగి, వాడు గొడ్డలి పట్టుకుని మీదికొస్తే కాల్చేశాడు. వేటాడటానికి జంతువులు అయిపోయాక 1878లో ఫోర్ట్ సమ్నర్ చేరాడు, బీవర్ స్మిత్ సారాకొట్లో మందు పోశాడు. కిడ్‌తో పరిచయం ఆ ఊళ్ళోనే. ప్రాణ స్నేహితులని కొందరు, ముఖపరిచయమే అని కొందరు. చిన్న ఊరు, ఒకటే సారాకొట్టు, ఒకటే జూదం బల్ల, పరిచయం లేకుండా ఎలా ఉంటుంది? మొదటి భార్య హువానిటా పెళ్ళైన కొద్ది రోజులకే చనిపోయింది, తర్వాత 1880 జనవరిలో అపోలినారియా గుతియెరెస్‌ని చేసుకున్నాడు. ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళలో ఎలిజబెత్ అనే అమ్మాయికి చూపు లేదు, న్యూ మెక్సికో రాష్ట్ర గీతం రాసింది ఆవిడే.

1880 నవంబర్‌లో లింకన్ కౌంటీ షెరీఫ్‌గా గెలిచాడు. పెద్ద పశువుల ఆసామి జాన్ చిజమ్ లాంటివాళ్ళు వెనకుండి నిలబెట్టారు, దొంగతనాలు ఆపమని. డిసెంబర్ 19న ఫోర్ట్ సమ్నర్‌లో మాటేస్తే టామ్ ఓఫాలియర్డ్ చచ్చాడు, కిడ్ తప్పించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత స్టింకింగ్ స్ప్రింగ్స్ దగ్గర రాతి గుడిసెలో ముఠా పడుకుని ఉంటే చుట్టూ మంచులో దుప్పట్లు పరుచుకుని వీళ్ళు కాపు కాశారు. తెల్లారగానే ఒకడు గుర్రానికి దాణా వేద్దామని బయటికొచ్చాడు, టోపీ చూసి కిడ్ అనుకుని కాల్చేశారు, తీరా చూస్తే చార్లీ బౌడ్రీ. తలుపు బయట కట్టేసిన గుర్రాల్ని లోపలివాళ్ళు మెల్లిగా లోపలికి లాక్కుంటుంటే గ్యారెట్ ఒక గుర్రాన్ని సరిగ్గా గుమ్మంలో పడేట్టు కొట్టాడు, దాంతో దారి మూసుకుపోయింది. ఆ తర్వాత తుపాకీ పనే పడలేదు. సాయంత్రం వీళ్ళు మంట వేసి వంట మొదలుపెట్టారు, పొద్దుట్నుంచీ పస్తున్నవాళ్ళకి ఆ వాసన తగిలింది, తెల్లగుడ్డ ఊపుకుంటూ బయటికొచ్చారు. ఈ వేలం తుపాకీ చేతులు మారింది అప్పుడే.

1881 ఏప్రిల్‌లో మెసీయాలో కిడ్‌కి ఉరిశిక్ష పడింది, మే 13కి ముహూర్తం. ఏప్రిల్ 28న గ్యారెట్ పన్నుల వసూలుకని ఊరు దాటాడు. కిడ్ లింకన్ కోర్టు మేడమీద కాపలా ఉన్న బెల్‌ని, తర్వాత ఓలింగర్‌ని చంపి, కాళ్ళ సంకెళ్ళు కోసుకుని, గుర్రమెక్కి పోయాడు. గవర్నర్ ల్యూ వాలెస్ 500 డాలర్లు ప్రకటించాడు. అయినా పోయినవాడు మెక్సికో పోకుండా మళ్ళీ ఫోర్ట్ సమ్నర్‌కే వచ్చాడు, అక్కడ ఒక అమ్మాయి ఉందంటారు.

జులై 14 అర్ధరాత్రి. గ్యారెట్ జాన్ పో, మెకిన్నీ అనే ఇద్దరు డిప్యూటీల్ని వరండాలో వదిలి, ఆ ఊరి ఆసామి పీట్ మ్యాక్స్‌వెల్ పడగ్గదిలోకి వెళ్ళి, చీకట్లో మంచం తలవైపు కూర్చుని కిడ్ ఎక్కడున్నాడని అడుగుతున్నాడు. సరిగ్గా ఆ టైముకే కిడ్ చెప్పుల్లేకుండా, చేతిలో కత్తితో, వరండాలో వేలాడదీసిన గొడ్డుమాంసంలో ఒక ముక్క కోసుకుపోదామని వచ్చాడు. బయట కొత్త మనుషులు కనబడ్డారు, ‘కియెన్ ఎస్?’ ఎవరది, ఎవరది అనుకుంటూ వెనక్కి అడుగులేస్తూ అదే గదిలోకి దూరి మ్యాక్స్‌వెల్‌ని అడిగాడు. గొంతు గుర్తుపట్టిన గ్యారెట్ రెండుసార్లు కాల్చాడు. మొదటిది గుండెల్లో దిగింది, రెండోది గోడల పాలైంది. మందుగుండు పొగ కమ్మేసి ఏమీ కనబడక షెరీఫ్, మ్యాక్స్‌వెల్ ఇద్దరూ బయటికి పరిగెత్తారు, లోపల ఎవరు చచ్చారో కొవ్వొత్తి పెట్టి చూసేదాకా జాన్ పోకి నమ్మకం కుదరలేదు. 44 కోట్ల ఘట్టం మొత్తం ఇంతే.

కృష్ణాతీరం:

సూరి గారూ, కళ్ళకి కట్టారు. కానీ చీకట్లో కూర్చుని, చేతిలో కత్తి తప్ప ఏమీ లేనివాణ్ణి కాల్చినవాడు హీరో ఎలా అయ్యాడు?

సీమబిడ్డ:

హీరో ఎవడూ లేడు అన్నా ఇందులో. 1878 లింకన్ కౌంటీ యుద్ధం చదివితే మా సీమ ఫ్యాక్షన్ చదివినట్టే ఉంటుంది. ఒక పక్క మర్ఫీ, డోలన్ అని పాత కొట్టువాళ్ళు. సైన్యానికి మాంసం సప్లై కాంట్రాక్టులు, ఊళ్ళో అప్పులు, షెరీఫ్ అందరూ వాళ్ళ గుప్పిట్లో. ఇంకో పక్క ఇంగ్లండ్ నుంచి వచ్చిన టన్‌స్టాల్ అనే కుర్రాడు, మెక్‌స్వీన్ అనే లాయరు కలిసి ఎదురుగా ఇంకో కొట్టు పెట్టారు. ఫిబ్రవరిలో టన్‌స్టాల్‌ని చంపేశారు. కిడ్ టన్‌స్టాల్ దగ్గర జీతానికి ఉన్న కుర్రాడు, పగబట్టాడు, వీళ్ళు అప్పటి షెరీఫ్‌ని చంపారు, వాళ్ళు మెక్‌స్వీన్ ఇల్లు తగలబెట్టి ఆయన్ని చంపారు. పెద్దోళ్ళ కొట్ల గొడవలో జీతగాళ్ళు చచ్చారు, చివరికి ఉరిశిక్ష పడింది ఒక్క కిడ్‌కే. చస్తే వాడికి ఇరవై ఒకటో ఏమో. వాణ్ణి చంపిన ఇనుముకి 44 కోట్లు పెట్టినాయన పేరు కూడా బయటికి రాలేదు. ఆ డబ్బుతో లింకన్ ఊరే కొనేయొచ్చు.

ఇంకోటి, కిడ్ ఎడమచేతి వాటం అని జనం చాలాకాలం నమ్మారు, కారణం ఆ ఒక్క ఫొటో. టిన్‌టైప్‌లో, అంటే ఆ కాలంలో రేకు మీద తీసే ఫొటోలో, బొమ్మ అద్దంలో లాగా తిరగబడుతుంది. అందులో వాడు పట్టుకున్న వించెస్టర్‌కి తూటాలు పెట్టే రంధ్రం కుడిపక్క ఉండాలి, ఫొటోలో ఎడమపక్క కనిపిస్తుంది, అక్కడ దొరికిపోయింది. ఆ రేకుముక్క కూడా 2011లో డెన్వర్‌లో 23 లక్షల డాలర్లు పలికింది.

సూరి_లాస్‌క్రూసెస్:

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్న అప్పటి జనమూ వేశారు. గ్యారెట్ జవాబుగా 1882లో ఒక పుస్తకమే వేయించాడు, చాలావరకు రాసింది ఆష్ అప్సన్ అనే విలేకరి, పుస్తకం అమ్ముడుపోలేదు. 500 డాలర్ల బహుమతి కూడా వెంటనే రాలేదు, ఏవో సాంకేతిక కారణాలు చెప్పి ఆపేశారు, మరుసటి ఏడు శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ చేతికందలేదు. నా ఉద్దేశంలో ఆయన మరీ దుర్మార్గుడేం కాదు. ఉరిశిక్ష పడి ఇద్దరు కాపలావాళ్ళని చంపి పారిపోయినవాడు, ఎప్పుడూ తుపాకీ లేకుండా తిరగనివాడు, చీకట్లో నాలుగడుగుల దూరంలో నిలబడితే ఏ పోలీసైనా చేసే పనే చేశాడు. ఆయన సమస్య వేరు. ఆ రెండు గుండ్ల తర్వాత ఇంకో ఇరవై ఆరేళ్ళు బతకాల్సొచ్చింది.

పట్టుకున్నదల్లా మట్టి అయింది. పెకోస్ లోయలో నీటి కాలువల పథకం మొదలుపెట్టిన వాళ్ళలో ఈయనొకడు, డబ్బున్నవాళ్ళు వచ్చి పక్కకి నెట్టేశారు. చావెస్ కౌంటీ షెరీఫ్‌గా నిలబడి ఓడిపోయాడు. టెక్సాస్‌లో యువాల్డే వెళ్ళి పందెపు గుర్రాలు పెంచాడు. 1896లో ఆల్బర్ట్ ఫౌంటెన్ అనే లాయరు, ఎనిమిదేళ్ళ కొడుకుతో సహా, వైట్ శాండ్స్ దగ్గర మాయమైతే కేసు తేల్చమని పిలిపించారు. అనుమానితుడు ఆలివర్ లీని 1899లో హిల్స్‌బరో కోర్టులో నిలబెట్టగలిగాడు గానీ శవాలు దొరకలేదు, జూరీ వదిలేసింది. 1901లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఎల్‌పాసోలో కస్టమ్స్ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చాడు. జీవితంలో నికరమైన జీతం దొరికింది అక్కడే, అది కూడా చేతులారా పోగొట్టుకున్నాడు. ఎల్‌పాసోలో కోనీ ఐలండ్ అనే సారాకొట్టు నడిపే టామ్ పవర్స్ ఈయనకి జిగిరీ దోస్తు. 1905లో శాన్ ఆంటోనియోలో రూజ్‌వెల్ట్ పాత సైనికుల సభకి పవర్స్‌ని వెంటేసుకుపోయి, పశువుల వ్యాపారి అని పరిచయం చేసి, ముగ్గురూ కలిసి ఫొటో దిగారు. తీరా వాడు జూదం నడిపేవాడని తెలిసి రూజ్‌వెల్ట్‌కి మండింది. ఆ ఏడాది చివర్లో ఉద్యోగం పొడిగించలేదు.

తర్వాతంతా అప్పులే. 1908 ఫిబ్రవరి 29న లాస్ క్రూసెస్‌కి బండిలో వస్తూ, తన కుటుంబం కౌలుకిచ్చిన భూమిలో మేకలు తోలిన వేన్ బ్రేజెల్‌తో దారి పొడుగునా గొడవ పడ్డాడు. మేకలన్నీ కొనేసి తీసుకుపోతానన్న ఆడమ్‌సన్ అనేవాడు కూడా అదే బండిలో ఉన్నాడు, 1,200 అనుకున్న మేకలు లెక్కేస్తే 1,800 తేలాయి, బేరం ఆగింది. గ్యారెట్ బండి దిగి ఒంటికి పోసుకుంటుంటే తలవెనక గుండు దిగింది. ఒక చేతి గ్లవ్ తీసేసి ఉంది, ప్యాంటు బొత్తాలు విప్పి ఉన్నాయి. బ్రేజెల్ నేనే కాల్చానని లొంగిపోయాడు, ఆత్మరక్షణ అన్నాడు, 1909లో జూరీ కాసేపట్లోనే వదిలేసింది. అతని తరఫున వాదించిన ఆల్బర్ట్ ఫాల్ గతంలో ఆలివర్ లీ తరఫునా వాదించినవాడే. ఈ ఫాల్ తర్వాత కేంద్రమంత్రి అయి, చమురు లీజుల లంచం కేసులో జైలుకి పోయాడు.

పాత_ఇనుము:

సూరి గారు పవర్స్ పేరు ఎత్తారు కాబట్టి తుపాకీ కథలో మిగిలిన ముక్క. ఉద్యోగం ఊడటానికి కారణమైన ఆ పవర్స్‌కే గ్యారెట్ ఈ కోల్ట్‌ని ఇచ్చాడు. కోనీ ఐలండ్ బార్‌లో పేరుమోసినవాళ్ళ తుపాకులు గోడలకి పెట్టి ఉండేవి, జనం మందు తాగుతూ చూసేవాళ్ళు, ఇదీ అందులో చేరింది. గ్యారెట్ పోయాక కూడా అక్కడే ఉంది. ఇచ్చింది చూపించడానికే, శాశ్వతంగా కాదు అని భార్య వాదన. పవర్స్ చనిపోయాక, ముసలితనంలో, అపోలినారియా కోర్టుకెక్కి తుపాకీ వెనక్కి తెచ్చుకుంది. పవర్స్ ఆస్తి చూసేవాళ్ళు ఊరికే ఇవ్వలేదు, అప్పీలు దాకా వెళ్ళింది. కోర్టులో సాక్ష్యాలతో నలిగింది కాబట్టే ఇవాళ కాగితాలు అంత గట్టిగా ఉన్నాయి. ఆవిడ 1936లో పోయింది. ఆ తుపాకీ మీద ఎవరికైనా హక్కుందంటే ఆవిడకే అని నేనంటాను. ఎనిమిది మంది పిల్లలు, మొగుడు మిగిల్చిన బాకీలు, వాటితో నెట్టుకొచ్చింది ఆవిడే.

అసలు సొంతదారు బిల్లీ విల్సన్ కథ ఇంకా విచిత్రం. దొంగనోట్లు చలామణి చేసిన కేసులో శిక్ష పడితే జైలు నుంచి పారిపోయి, టెక్సాస్‌లో డేవిడ్ ఆండర్సన్ అని పేరు మార్చుకుని పెళ్ళి చేసుకుని పెద్దమనిషి అయ్యాడు. 1896లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ క్షమాభిక్ష ఇచ్చాడు, అది ఇప్పించడానికి పూనుకున్న వాళ్ళలో ముఖ్యుడు ఎవరనుకున్నారు? గ్యారెట్! తుపాకీ లాక్కుని సంకెళ్ళేసినవాడే వెళ్ళి, ఇతను మారాడు వదిలేయండి అని చెప్పాడు. విల్సన్ టెరెల్ కౌంటీకి షెరీఫ్ కూడా అయ్యాడు, 1918లో శాండర్సన్ రైల్వే స్టేషన్ దగ్గర తాగి గొడవ చేస్తున్న కౌబాయ్‌ని పట్టుకోబోయి తూటా తగిలి పోయాడు. గ్యారెట్‌ని చల్లటి హంతకుడిగా చూపించే సినిమావాళ్ళకి ఈ ఘట్టం ఎందుకు కనబడదో మరి.

కృష్ణాతీరం:

అబ్బా, విల్సన్ సంగతి అసలు ఊహించలేదు. మా ఆఫీసాయన చూపించిన తుపాకీకి కాగితాలు అడిగాను, నవ్వాడు. కొనడం లేదు. దసరా సెలవులకి పిల్లల్ని తీసుకుని అటువైపు వెళ్దామనుకుంటున్నా, ఏం చూడాలి?

సూరి_లాస్‌క్రూసెస్:

లింకన్ తప్పకుండా చూడండి, ఊరు దాదాపు ఆనాటి రూపులోనే ఉంచారు, కోర్టు భవనం మెట్ల దగ్గర గోడలో గుండు తగిలిన గుంట అని ఒకటి చూపిస్తారు. నిజమో కాదో మీరే తేల్చుకోండి. ఫోర్ట్ సమ్నర్‌లో మ్యాక్స్‌వెల్ ఇల్లు లేదు, పెకోస్ నది ఎప్పుడో పట్టుకుపోయింది. కిడ్ సమాధికి మాత్రం ఇనుప బోను కట్టారు, రాయిని రెండుసార్లు దొంగలెత్తుకుపోయారు మరి, ఒకసారి టెక్సాస్‌లో, ఇంకోసారి కాలిఫోర్నియాలో దొరికింది. గ్యారెట్ సమాధికి ఏ బోనూ లేదు, లాస్ క్రూసెస్‌లో మేసానిక్ శ్మశానంలో మామూలు రాయి. దారిలో వైట్ శాండ్స్‌లో ఆగండి, పిల్లలు ఇసకలో జారుతారు. నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి, లింకన్ చుట్టుపక్కల పెట్రోలు బంకులు దూరదూరం, అలమొగోర్డోలో ట్యాంకు నింపుకుని బయల్దేరండి.